ఆ సిరీస్ మన దేశంలో ఎందుకు రాదు? అభిమానులు తరచూ అడిగే ప్రశ్నలు

గేమ్ ఆఫ్ థ్రోన్స్ వచ్చిన రోజుల్లో సోమవారం పొద్దున ఆరున్నర అంటే మా ఇంట్లో పండగ పూటే. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం రాత్రి తొమ్మిదికి హెచ్‌బీఓలో కొత్త ఎపిసోడ్ మొదలయ్యే వేళ మనకు అదే. పొయ్యి మీద పాలు, చేతిలో ఫోను, ఎనిమిదింటికి ఆఫీసు క్యాబు. ఆ గంట చిక్కని రోజు సాయంత్రం దాకా వాట్సాప్ తెరవాలంటే భయం. ఎవరు చచ్చిపోయారో ఎవడో ఒకడు చెప్పేస్తాడు.

ఆ గంట కోసం డబ్బు కట్టడానికి సిద్ధపడి కూడా దారి దొరకనివాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలే ఇవి. నా పక్షం ముందే చెప్పేస్తాను. డబ్బిచ్చి చూస్తానన్న మనిషికి అదే రోజున, వీలైతే అతని భాషలో, చూపించాల్సిన బాధ్యత హక్కుదారులది. వాళ్లు ఆ పని చేయనప్పుడు అభిమాని ఎంతవరకు వెళ్లొచ్చో, ఎక్కడ ఆగాలో చట్టం చెబుతుంది. ఆ రెండూ తెలిసి ఉండాలి.

అమెరికాలో వచ్చిన రోజే మాకెందుకు రాదు?

మన సినిమాను నైజాం ఒకరు, సీడెడ్ ఒకరు, ఓవర్సీస్ ఇంకొకరు కొంటారు కదా. శాటిలైట్ వేరు, డిజిటల్ వేరు, హిందీ డబ్బింగ్ వేరు. విదేశీ సిరీస్‌ల బేరం కూడా అచ్చం ఇలాగే సాగుతుంది, కాకపోతే జిల్లాల చోట దేశాలుంటాయి. ఒక దేశానికి హక్కులు కొన్నవాడు తనకు నచ్చిన రోజున, తన చానల్లో, తన ధరకు చూపిస్తాడు. వాడు తప్ప ఇంకెవరూ అక్కడ చూపించకూడదని ఒప్పందంలోనే రాసుకుంటాడు.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2011 ఏప్రిల్ 17న అమెరికాలో మొదలైంది. బ్రిటన్‌లో స్కై అట్లాంటిక్, ఆస్ట్రేలియాలో ఫాక్స్‌టెల్ హక్కులు కొన్నాయి. ఆస్ట్రేలియా కథ తెలుసుకోవాలి. అక్కడివాళ్లు దొంగ కాపీలు ఎక్కువగా దించుకుంటున్నారని 2013లో అమెరికా రాయబారి జెఫ్రీ బ్లైక్ స్వయంగా ఫేస్‌బుక్‌లో రాసి, మానుకోమని కోరారు. మరుసటి ఏడాది నాలుగో సీజన్‌కు ఐట్యూన్స్‌లో వారం వారం ఎపిసోడ్ కొనుక్కునే దారినీ మూసేశారు. ఫాక్స్‌టెల్ కనెక్షన్ పెట్టించుకోవాలి, లేదా సీజన్ అయ్యేదాకా ఆగాలి. నిజాయతీగా కొనుక్కుంటున్నవాళ్లనే గెంటేసిన పని అది. ఎంతమంది దొంగదారి పట్టారని లెక్కలు తీసేముందు ఆ తలుపు మూసినవాళ్లు కూడా జవాబు చెప్పాలి.

2015లో ఐదో సీజన్‌తో హెచ్‌బీఓ పద్ధతి మార్చి, 170 దేశాల్లో ఒకేసారి ప్రసారం మొదలుపెట్టింది. మన దగ్గర 2016 ఏప్రిల్‌లో హాట్‌స్టార్ ప్రీమియం నెలకు 199 రూపాయలకు వచ్చింది. సోమవారం పొద్దుటి పండగ చాలా ఇళ్లలో అప్పుడే మొదలైంది.

సిరీస్ తీయించినవాడే ప్రపంచమంతటా ఓటీటీ నడిపితే ఈ గొడవే ఉండదు. నెట్‌ఫ్లిక్స్ ద విచర్‌ను 2019 డిసెంబర్ 20న, ప్రైమ్ వీడియో ద వీల్ ఆఫ్ టైమ్‌ను 2021 నవంబర్ 19న తమ సేవలున్న దేశాలన్నిటిలో ఒకే రోజు విడుదల చేశాయి. అంటే ఒకే రోజు ఇవ్వడంలో సాంకేతికంగా కష్టమేమీ లేదు, ఆలస్యమంతా ఒప్పందాల వల్లే.

నవల రాసింది ఒకరు, సిరీస్ తీసింది ఇంకొకరు. అసలు హక్కు ఎవరిది?

ఒక నవలకు ఒకే హక్కు ఉండదు. అచ్చువేసే హక్కు, అనువదించే హక్కు, నాటకం వేసే హక్కు, సినిమా తీసే హక్కు, సిరీస్ తీసే హక్కు దేనికది విడివిడిగా అమ్ముకోవచ్చు. చాలాసార్లు గడువు పెట్టి ఇస్తారు. ఆ గడువు లోపల ఏదో ఒకటి తీయకపోతే హక్కు వెనక్కి పోతుంది.

ఇందుకు ద వీల్ ఆఫ్ టైమ్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. రాబర్ట్ జోర్డాన్ ఆ మాలలో మొదటి నవలను 1990లో వెలువరించి, ముగింపు రాయకుండానే 2007లో కన్నుమూశారు. చివరి మూడు పుస్తకాలను ఆయన వదిలిన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తి చేశారు. 2015 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒకటిన్నరకు అమెరికాలోని ఎఫ్ఎక్స్ఎక్స్ చానల్లో, వస్తువులమ్మే ప్రకటనలు నడిచే వేళలో, ముందస్తు ప్రచారమేమీ లేకుండా అరగంట కార్యక్రమమొకటి వచ్చిపోయింది. పేరు వింటర్ డ్రాగన్. నవల తొలి పలుకుల్లోని ఘట్టాన్ని తీసి, చానల్లో సమయం కొని వేశారు. హక్కుల గడువు తీరడానికి అప్పటికి రోజులే మిగిలాయి. రచయిత భార్య హ్యారియెట్ మెక్‌డూగల్, ఈ ప్రసారం సంగతి తనకు తెలియదని బహిరంగంగా చెప్పారు. వ్యవహారం కోర్టు దాకా పోయింది. చిక్కులు వీడాయని 2016లో ఆమె ప్రకటించాకే ఇప్పుడు మనం చూసిన సిరీస్‌కు దారి పడింది. పాతికేళ్లు ఎదురుచూసిన పాఠకులకు ఆ అర్ధరాత్రి అరగంట ఎంత బాధ కలిగించిందో ఊహించండి. ఆ సిరీస్ మూడు సీజన్లు నడిచి 2025 మేలో ఆగిపోయింది. ఆపవద్దని అడిగే చట్టబద్ధమైన హక్కు అభిమానికి లేదు. విన్నవించుకోవచ్చు, అంతే.

ద రింగ్స్ ఆఫ్ పవర్‌లో సిల్మరిలియన్ కథలు ఎందుకు సరిగా రావని అడిగేవాళ్లకూ జవాబు ఇక్కడే ఉంది. అమెజాన్ 2017లో సంపాదించిన హక్కులు ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కు, దాని అనుబంధాలకు సంబంధించినవి. సిల్మరిలియన్ ఆ బేరంలో లేదు.

హక్కులు ఎప్పటికి తీరుతాయంటే, మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70. ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ 1973లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలు మన దగ్గర 2034 జనవరి 1న అందరివీ అవుతాయి, ఆయన సొంత దేశంలో ఇంకో పదేళ్లకు. తెలుగులోకి అనువదించాలని ఉవ్విళ్లూరేవాళ్లు ఆ తేదీ గుర్తుంచుకోవాలి.

ఏడాది చందా కట్టాను. సిరీస్ మధ్యలో మాయమైంది. డబ్బు వాపసు వస్తుందా?

2023లో చాలామందికి ఎదురైన సంగతి ఇది. మార్చి 31తో హెచ్‌బీఓ సిరీస్‌లన్నీ డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ నుంచి వెళ్లిపోయాయి. తర్వాత జియో సినిమాలో తేలాయి. 2025 ఫిబ్రవరిలో ఆ రెండూ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. మధ్యలో హౌస్ ఆఫ్ ద డ్రాగన్ సగంలో ఉన్నవాళ్లు మళ్లీ ఇంకో చోట చందా కట్టుకోవాల్సి వచ్చింది.

మీరు కట్టేది మొత్తం సేవకు, ఒక్క సిరీస్‌కు కాదు. జాబితా మారుతుందని నిబంధనల్లో రాసే ఉంటుంది కాబట్టి సిరీస్ పోయిందన్న ఒక్క కారణంతో వాపసు రావడం కష్టం. కానీ ఫలానా సిరీస్ ఏడాదంతా ఉంటుందని ప్రకటన చూపించి మీచేత చందా కట్టించుకుంటే కథ వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది తప్పుదారి పట్టించే ప్రకటన. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు దాచుకోండి. ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

చందా దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకున్నవాళ్లకు ఇంకో మాట. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు కోసుకునేముందు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌లోనే వద్దనే వీలుండాలి. చేరడం ఒక్క నొక్కుతో, మానుకోవడం పది మెట్లతో పెట్టడాన్ని 2023 నవంబర్‌లో కేంద్రం వినియోగదారుణ్ణి మోసగించే పద్ధతుల జాబితాలో చేర్చింది.

వీపీఎన్ పెట్టుకుని వేరే దేశం జాబితా చూడొచ్చా?

మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు కూడా వాడేవాళ్లను నిషేధించలేదు, వాళ్ల వివరాలు ఐదేళ్లు దాచాలని కంపెనీలకు చెప్పాయి. కానీ వీపీఎన్‌తో దేశం మార్చుకుని చూడటం దాదాపు ప్రతి ఓటీటీ నిబంధనలకూ విరుద్ధం. ఖాతా మూసేస్తే మీ తరఫున నిలబడేవాళ్లుండరు. పైగా కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ ఉంది. కాపీరైట్ ఉల్లంఘించాలనే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు అంటుంది. డబ్బు కట్టి ఇంట్లో కూర్చుని చూసుకునే మనిషి మీద దాన్ని వాడటం న్యాయమని నేను అనుకోను. అయినా ఆ సెక్షన్ అక్కడుందని తెలిసి ఉండటం మంచిది.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. యూఏఈలో నేరం చేయడానికో, దాన్ని కప్పిపుచ్చడానికో వీపీఎన్ వాడితే జైలు గానీ, ఐదు లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఒక ఎపిసోడ్ కోసం ఆ ఛాయలకు పోవద్దు.

దొంగ సైట్లో చూస్తే జైలేనా?

చూడటం వేరు, పంచడం వేరు. డిష్యూం సినిమా కేసులో 2016లో బాంబే హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్, కేవలం చూడటం నేరం కాదని, అనుమతి లేకుండా పంచడం, అమ్మడం, బహిరంగంగా చూపించడం నేరమని స్పష్టం చేశారు. కానీ టోరెంట్‌లో దించుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. అది దించుకుంటూనే మీ దగ్గరున్న ముక్కలను ఇతరులకు పంపిస్తుంటుంది. అంటే మీకు తెలియకుండానే మీరు పంచేవాళ్లవుతారు. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా. టెలిగ్రామ్ చానల్ నడిపేవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

2017 ఆగస్టులో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఏడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ప్రసారానికి ముందే బయటపడింది. ఆ దారం లాగితే ముంబై దాకా వచ్చింది, మహారాష్ట్ర పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. అదే నెలలో ఆరో ఎపిసోడ్‌ను స్పెయిన్‌లో హెచ్‌బీఓ వాళ్లే పొరపాటున ముందుగా పెట్టేశారు. అలా బయటపడిన ఎపిసోడ్‌ను ఎవరైనా పంపితే మరొకరికి పంపకండి. చట్టం సంగతి అలా ఉంచి, ఆదివారం రాత్రి దాకా ఓపిగ్గా ఎదురుచూస్తున్న సాటి అభిమాని ఆనందాన్ని పాడుచేయడం అవుతుంది.

చందా కట్టి విదేశం వెళ్లాను. అక్కడ చూడనివ్వరా?

డాలస్‌లో మా అక్క కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు నాకు జరిగింది ఇదే. ఆఖరి రెండు ఎపిసోడ్లు అక్కతో కలిసి చూద్దామని దాచుకుని వెళ్లాను. అన్నాలు తిని, దీపాలు తగ్గించి టీవీ పెడితే, ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదన్న ఒక్క వాక్యం వచ్చింది. ఆ ఏడాది చందా ఇంకా నాలుగు నెలలు మిగిలే ఉంది. ఇంకో సేవకు డాలర్లు కట్టి చూశాం గానీ, ఒకే కథకు రెండుసార్లు డబ్బు కట్టిన చేదు పోలేదు.

మన చట్టంలో దీనికి విరుగుడు లేదు. ఐరోపాలో ఉంది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమం ప్రకారం, ఒక సభ్యదేశంలో డబ్బు కట్టి చందాదారైన మనిషి తాత్కాలికంగా మరో సభ్యదేశానికి వెళ్లినా తన ఇంటి జాబితాను, అదనపు ఖర్చు లేకుండా, అలాగే చూడగలగాలి. జర్మనీలో ఉంటూ సెలవులకు ఇటలీ వెళ్లే తెలుగు కుటుంబానికి ఈ హక్కు వర్తిస్తుంది. ఐరోపా సమాఖ్య నుంచి బయటికొచ్చాక, 2021 నుంచి బ్రిటన్‌కు ఇది పోయింది. అయితే ఈ హక్కు ప్రయాణాలకే. జర్మనీలో కూర్చుని స్పెయిన్ సేవకు చందా కడతానంటే వాళ్లు కాదనొచ్చు. దేశాలవారీ అడ్డుగోడలను తగ్గించిన 2018 నాటి మరో ఐరోపా నియమం సినిమాలను, సిరీస్‌లను కావాలనే పక్కన పెట్టింది.

మన దగ్గరా ప్రయాణికుల కోసం అలాంటి నియమం రావాలి. ఇంటికి, ఉద్యోగానికి మధ్య దేశాలు దాటే జనం మనలో ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు.

అమెరికా నుంచి తెప్పించుకున్న డిస్కు మా ప్లేయర్‌లో ఆడటం లేదు.

డబ్బా వెనక చిన్న భూగోళం బొమ్మలో ఒక అంకె ఉంటుంది, చూడండి. డీవీడీలకు అమెరికా 1, ఐరోపా 2, మనది 5. బ్లూ-రేకు అంకెల చోట అక్షరాలు, అమెరికా ఏ, బ్రిటన్ బీ, మనది సీ. ప్లేయర్, డిస్కు ఒకే ప్రాంతానివి కావాలి. ప్రాంతాల కట్టుబాటు లేని డిస్కులూ ఉంటాయి, కొనేముందు అడిగి తెలుసుకోండి. ఈ పద్ధతికి పాతకాలపు వాసన వేస్తున్నా డిస్కుకు ఒక గొప్ప గుణముంది. షెల్ఫ్‌లో పెట్టుకున్నాక ఎవరూ వచ్చి పట్టుకుపోరు. ఆన్‌లైన్‌లో కొనండి అని నొక్కిన సిరీస్‌కు ఆ భరోసా లేదు, మీకు దక్కేది చూసే అనుమతే. ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చట్టం అమలుచేస్తోంది.

మనకు చూపించేదాంట్లో కత్తిరింపులు ఉంటాయా?

టీవీ చానల్లో ఉంటాయి, కేబుల్ టీవీ నియమావళి కింద చానళ్లే కత్తిరించుకుంటాయి. ఓటీటీకి సెన్సార్ బోర్డు లేదు. 2021 ఐటీ నియమాలు వయసు గుర్తులు పెట్టమంటాయి, పెద్దలకు మాత్రమే అన్నవాటికి వయసు నిర్ధారణ ఉండాలంటాయి. ఏ దేశంలో చూస్తున్నామన్నదాన్ని బట్టి కత్తిరింపులు మారతాయి. చైనాలో టెన్సెంట్ చూపించిన గేమ్ ఆఫ్ థ్రోన్స్ కత్తిరింపులతో వచ్చింది. 2019 మేలో ఆఖరి ఎపిసోడ్ అయితే చెప్పిన వేళకు రానే లేదు.

యూట్యూబ్‌లో రివ్యూ చేస్తూ దృశ్యాలు వాడుకోవచ్చా? ముప్పై సెకన్ల లోపైతే పర్వాలేదంటారు.

ముప్పై సెకన్ల సూత్రం ఏ చట్టంలోనూ లేదు. విమర్శకు, సమీక్షకు న్యాయంగా వాడుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మీరు ఆ దృశ్యం గురించి మాట్లాడుతున్నారా, లేక దాన్నే చూపించి జనాన్ని రప్పిస్తున్నారా అన్నది కొలబద్ద. చూపించిన ప్రతి దృశ్యం మీద మీ మాట ఉండాలి, ఆ మాటకు కావాల్సినంతే చూపించాలి.

ఫిర్యాదు వస్తే బెంబేలు పడకండి. మన నియమాల ప్రకారం సరైన ఫిర్యాదు అందిన 36 గంటల్లో వేదిక ఆ వీడియోను ఆపాలి. 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టొచ్చు. యూట్యూబ్‌కు దాని సొంత పద్ధతి వేరే ఉంది, అందులోనూ మీ వాదన వినిపించే చోటు ఉంటుంది. న్యాయం మీవైపు ఉంటే తప్పకుండా వినిపించండి.

తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాసి అందరికీ ఇస్తే తప్పేంటి? డబ్బు తీసుకోవడం లేదు కదా.

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు చాలా గౌరవం. అమ్మమ్మకు అర్థం కావాలని రాత్రిళ్లు కూర్చుని ఒక్కో మాట తూచి రాసేవాళ్లు వీళ్లే. అయినా నిజం చెప్పాలి. సంభాషణల అనువాదం కూడా అనువాదమే, ఆ హక్కు రచయితలది. మీ ఇంట్లో చూసుకోవడానికి రాసుకుంటే వ్యక్తిగత వినియోగం కింద వాదించుకోవచ్చు. అందరికీ పంచితే ఆ వాదన నిలవడం కష్టం. నెదర్లాండ్స్‌లో అభిమానుల సబ్‌టైటిల్స్ అనుమతి లేకుండా పంచడం ఉల్లంఘనేనని 2017లో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు తీర్పిచ్చింది. స్వీడన్‌లో అలాంటి సైటు నడిపిన వ్యక్తికి అదే ఏడాది శిక్ష పడింది.

అందుకే ఒత్తిడి పడాల్సింది ఓటీటీల మీద. ద రింగ్స్ ఆఫ్ పవర్ 2022 సెప్టెంబర్‌లో మొదటి రోజే తెలుగు మాటలతో వచ్చింది. తెలుగులో చూసేవాళ్లున్నారని వాళ్లకు లెక్క కనబడాలి. తెలుగు ధ్వని ఉన్నచోట అదే పెట్టుకుని చూడండి. లేనిచోట యాప్‌లోని సహాయ విభాగంలో సిరీస్ పేరు, భాష పేరు రాసి అడగండి.

మా అపార్ట్‌మెంట్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి ఆఖరి ఎపిసోడ్ వేయొచ్చా?

మీ ఇంటి హాల్లో బంధువులతో, స్నేహితులతో అయితే చూడొచ్చు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించి అందరినీ పిలిస్తే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది, టికెట్ పెట్టకపోయినా సరే. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల మధ్య వేసుకోవడానికి 52వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. కానీ ఓటీటీ చందా నిబంధన ఆ ఖాతాను మీ సొంత వాడకానికే ఇస్తుంది, అక్కడ మళ్లీ అనుమతి అడగాలి.

మా తమ్ముడికి వినబడదు. చెల్లెలి స్నేహితురాలికి చూపు లేదు. వాళ్లకోసం చట్టంలో ఏమైనా ఉందా?

ఉంది, అదీ చాలామందికి తెలియనిది. 2012 సవరణతో 52వ సెక్షన్‌లో ఒక నిబంధన చేరింది. వైకల్యం ఉన్నవాళ్లు ఆస్వాదించగలిగే రూపంలోకి ఏ రచననైనా ఎవరైనా మార్చవచ్చు, వాళ్ల వ్యక్తిగత వాడకం కోసం వాళ్లకు ఇవ్వవచ్చు. చూపు లేని పాఠకులకు పుస్తకాలు అందించడం కోసం కుదిరిన మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది కూడా మన దేశమే.

కాబట్టి మీ తమ్ముడి కోసం, తలుపు చప్పుడయిందని, వెనక గుర్రాలు వస్తున్నాయని కూడా రాస్తూ మీరు తయారుచేసే తెలుగు పాఠాన్ని, అందరికీ పంచే సబ్‌టైటిల్స్‌తో ఒకే గాట కట్టకూడదు. చెల్లెలి స్నేహితురాలికి నవలను చదివి రికార్డు చేసి ఇవ్వండి. ద వీల్ ఆఫ్ టైమ్ పద్నాలుగు పుస్తకాలు, మొదటిదే ఏడు వందల పేజీలు దాటుతుంది. రోజుకు ఒక అధ్యాయం చొప్పున మొదలుపెట్టండి, పేర్లు పలికే తీరు మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి.